డిస్‌ప్లేలో మైనస్ 18, లోపల ఐస్‌క్రీమ్ జావ: ఫ్రీజర్ తప్పా, నాదా?

లక్ష్మి_సత్యనారాయణపురం · మే 25, ఉదయం 7:10

అందరికీ నమస్తే. తెల్లవారుజాము నుంచి టెన్షన్‌తో కూర్చున్నాను, తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

మాది విజయవాడ. ఇంట్లోనే చిన్నగా మామిడి గుజ్జు, ఐస్‌క్రీమ్ చేసి తెలిసినవాళ్ళకు అమ్ముతుంటాను. మార్చిలో 200 లీటర్ల డీప్ ఫ్రీజర్ కొన్నాం, పైకి మూత తెరుచుకునే రకం. నిన్న నూజివీడు నుంచి చిన్న రసాలు వచ్చాయి. సాయంత్రం దాకా కూర్చుని గుజ్జు తీసి, లీటరు డబ్బాల్లో పోసి, రాత్రి ఎనిమిదింటికి పదిహేను డబ్బాలూ ఒకేసారి లోపల పెట్టేశాను. అప్పటికే అందులో ఆరు ఐస్‌క్రీమ్ డబ్బాలు, మూడు కిలోల రొయ్యలు ఉన్నాయి. ఐస్‌క్రీమ్ పైకి తీసి గుజ్జు డబ్బాల మీద సర్దాను.

నాలుగింటికి లేచి చూస్తే ఐస్‌క్రీమ్ జావలా ఉంది. గుజ్జు చల్లగా ఉందే తప్ప గడ్డ కట్టలేదు. రొయ్యలు మాత్రం గట్టిగానే ఉన్నాయి. విచిత్రమేమిటంటే బయట డిస్‌ప్లేలో మైనస్ 18 అనే ఉంది! కంపెనీకి ఫోన్ చేస్తే "సెట్టింగ్ కరెక్టుగానే ఉంది కదా మేడం" అన్నారు. మా అత్తయ్యేమో "నువ్వు ఊరికే మూత తీసి తీసి చూశావు, చలంతా బయటికి పోయింది" అంటోంది.

మైనస్ 18 ఉన్న పెట్టెలో ఐస్‌క్రీమ్ ఎలా కరుగుతుందండీ?

బందరురోడ్డు_బుల్లోడు · 7:24

గ్యాస్ అయిపోయింది అక్కా. డౌటే లేదు. మా ఇంట్లోనూ ఇంతే, గ్యాస్ కొట్టిస్తే సెట్ అయింది.

గవర్నర్‌పేట_మెకానిక్ · 7:51

తమ్ముడూ, గ్యాస్ అయిపోవడానికి అదేమన్నా వంటగ్యాస్ సిలిండరా? లోపల ఉన్న గ్యాస్ తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది, ఖర్చవదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. లీకు పట్టకుండా గ్యాస్ కొట్టిన వాడు మీ జేబు కొట్టినట్టు. ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నా, "గ్యాస్ అయిపోయింది" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుద్ది.

లక్ష్మిగారూ, మూడు విషయాలు చెప్పండి. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతోందా, ఆగి ఆగి తిరుగుతోందా? పక్క గోడలు బయట నుంచి ముట్టుకుంటే వేడిగా ఉన్నాయా? లోపలి గోడ మీద మంచు అన్ని వైపులా సమానంగా పట్టిందా, ఒక మూలే పట్టిందా?

లక్ష్మి_సత్యనారాయణపురం · 8:05

రాత్రంతా ఆగకుండా తిరుగుతూనే ఉంది అన్నా, ఇప్పుడు కూడా. బయట పక్కలు బాగా వేడిగా ఉన్నాయి. మంచు అన్ని వైపులా ఉంది.

గవర్నర్‌పేట_మెకానిక్ · 8:12

అయితే మెషిన్‌కు ఏం కాలేదమ్మా. ఆ పక్కల వేడి ఉందే, అది మీ మామిడిపండ్ల వేడే. లోపల నుంచి లాగి బయట పారేస్తోంది పాపం. గ్యాస్ లేకపోతే పక్కలు అంత కాలవు, మంచు కూడా ఒక మూలే పడుద్ది. మెషిన్ పని చేస్తోంది, పని ఎక్కువైంది. అంతే. లెక్కలు కావాలంటే గుంటూరు మాస్టారు వస్తారు, ఆయన్ని అడగండి.

మాస్టారు_బ్రాడీపేట · 9:30

పిలిచారు కదా, వచ్చాను. రిటైరయ్యాక నాకూ పనేముంది.

అమ్మా లక్ష్మీ, ముందు ఒక మాట. ఫ్రీజర్ చలిని తయారు చెయ్యదు. వేడిని తోడి బయట పోస్తుంది, బావిలో నీళ్ళు తోడే మోటారులాగా. మోటారు ఎంత తోడగలదో అంతే తోడుతుంది. నువ్వు ఒక్క రాత్రిలో బావిలోకి ఒక ట్యాంకరు నీళ్ళు ఒంపి, మట్టం ఎందుకు పెరిగిందని అడుగుతున్నావు.

ఇప్పుడు లెక్క. కిలో నీళ్ళను ఒక డిగ్రీ చల్లార్చాలంటే సుమారు 4.2 కిలోజౌళ్ళ వేడి తియ్యాలి. సున్నా దగ్గరున్న కిలో నీళ్ళను సున్నా దగ్గరే ఐసుగా మార్చాలంటే 334 తియ్యాలి. డిగ్రీ కూడా మారదు, అయినా అంత వేడి! ఇదే గుప్తోష్ణం. 18వ శతాబ్దంలో స్కాట్లండ్‌లో జోసెఫ్ బ్లాక్ పట్టుకున్న విషయం. నా క్లాసులో పిల్లలు నిర్వచనం బట్టీ పట్టేవాళ్ళు గానీ, అదేమిటో ఒక్కడికీ ఎక్కేది కాదు. నీ ఐస్‌క్రీమ్‌కు ఎక్కింది. మరోలా చెప్పాలంటే, కిలో నీళ్ళను 80 డిగ్రీల నుంచి సున్నాకు దించడానికి ఎంత వేడి తియ్యాలో, ఆ సున్నా దగ్గర గడ్డ కట్టించడానికి మళ్ళీ అంత తియ్యాలి.

మామిడి గుజ్జులో ఎక్కువ భాగం నీళ్ళే కాబట్టి, 36 డిగ్రీల నుంచి మైనస్ 18 దాకా తీసుకెళ్ళాలంటే కిలోకు మోటుగా 430 కిలోజౌళ్ళు అనుకో. పదిహేను కిలోలకు 6450. నీ ఫ్రీజర్‌లాంటిది గంటకు 500 దాకా తోడుతుందనుకుందాం. అందులో గోడల గుండా లోపలికి కారే వేడికే ఈ ఎండల్లో 150 పోతుంది. మిగిలింది 350. భాగిస్తే 18 గంటల పైమాట. నువ్వు ఎనిమిది గంటలకే మూత తీసి చూశావు.

లక్ష్మి_సత్యనారాయణపురం · 9:44

మాస్టారూ, గుజ్జు గడ్డ కట్టకపోవడం అర్థమైంది. కానీ అప్పటికే గట్టిగా ఉన్న ఐస్‌క్రీమ్ ఎందుకు కరిగింది?

మాస్టారు_బ్రాడీపేట · 10:02

వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి పోతుంది. ఫ్రీజర్‌లో ఉన్నాం కదా అని దానికి వేరే రూలు లేదు. 36 డిగ్రీల డబ్బాల మీద మైనస్ 18 డబ్బాలు పెట్టావు. గోడ దూరంగా ఉంది, ఐస్‌క్రీమ్ ఆనుకుని ఉంది. గుజ్జు ఎవరికి ఇస్తుంది వేడి?

పైగా గడ్డ కట్టిన వస్తువు చలిని పెద్దగా దాచుకోదు. ఐసును ఒక డిగ్రీ వేడెక్కించడానికి కిలోకు 2.1 కిలోజౌళ్ళు చాలు, నీళ్ళలో సగం. కిలో సరుకు మైనస్ 18 నుంచి మైనస్ 8కి వచ్చిందంటే అది మింగింది సుమారు 20 మాత్రమే. ఒక్క లీటరు గుజ్జు 430 అడుగుతోంది. అంటే ఒక్క డబ్బా గుజ్జును పక్క సరుకు చలితోనే గడ్డ కట్టించాలంటే ఇరవై కిలోల పైన సరుకు పది డిగ్రీలు వేడెక్కాలి. నీ దగ్గర ఉన్నదంతా కలిపితే ఎనిమిది కిలోలు ఉంటుందా?

రొయ్యలు గట్టిగా ఉండి ఐస్‌క్రీమ్ జావ కావడానికి కారణం చక్కెర. చక్కెర కలిసిన నీళ్ళు సున్నా దగ్గర గడ్డ కట్టవు. ఐస్‌క్రీమ్‌లోని నీళ్ళు మైనస్ 18లో కూడా పూర్తిగా గడ్డ కట్టి ఉండవు, అందుకే గరిటె దిగుతుంది. ఉష్ణోగ్రత మైనస్ 8, మైనస్ 6 దాకా పెరిగితే అందులో చాలా భాగం నీరైపోతుంది. రొయ్యలు అదే మైనస్ 6 దగ్గర రాయిలాగే కనిపిస్తాయి. ఇంట్లో చంటిపిల్ల ఉన్నట్టు అన్నమాట, ఎవరికి ఇబ్బంది కలిగినా ముందు ఏడ్చేది ఐస్‌క్రీమే.

బందరురోడ్డు_బుల్లోడు · 10:10

మరి డిస్‌ప్లేలో మైనస్ 18 అబద్ధమా మాస్టారూ? కంపెనీ వాళ్ళను కోర్టుకు లాగొచ్చా?

గవర్నర్‌పేట_మెకానిక్ · 10:31

ఇది నేను చెప్తా. కొన్ని మోడళ్ళలో ఆ అంకె మీరు సెట్ చేసిన టెంపరేచర్, ఉన్న టెంపరేచర్ కాదు. ముందు అది ఏదో పుస్తకంలో చూసుకోండి. నిజంగా సెన్సరే అయినా, అది ఉండేది లోపలి గోడకో మూలకో అతికించి. ఈ రకం ఫ్రీజర్లలో చల్లబరిచే గొట్టాలు గోడలోనే చుట్టి ఉంటాయి, గోడే అన్నిటికన్నా చల్లన. సెన్సర్ తన పక్కన ఉన్న చలి చెప్పుద్ది. మధ్యలో మీ డబ్బా కడుపులో ఏముందో దానికేం తెలుసు?

షాపుల్లో కూడా ఇదే గొడవ. "డిస్‌ప్లే కరెక్టుగా ఉంది, సరుకు పాడైంది" అని నన్ను పిలుస్తారు. లోపల చూస్తే సరుకును గోడకు గోడకు మధ్య ఇటుకల్లా పేర్చి ఉంటారు.

మాస్టారు_బ్రాడీపేట · 10:48

మెకానిక్ గారు అసలు ముడి విప్పారు. ఆ అంకె గాలిది, సరుకుది కాదు. గాలి బరువెంత? వంద లీటర్ల గాలి నూట నలభై గ్రాములు కూడా ఉండదు. ఇట్టే చల్లబడుతుంది, ఇట్టే వేడెక్కుతుంది. కంప్రెసర్ ఆగి తిరిగే ప్రతిసారీ గాలి ఐదారు డిగ్రీలు ఊగుతుంది, అదే సమయంలో రొయ్యల పొట్లం నడిమధ్య అర డిగ్రీ కూడా కదలదు.

అత్తయ్యగారి అనుమానం కూడా ఇక్కడే తీర్చేస్తాను. మూత తీస్తే లోపలున్న వంద లీటర్ల గాలీ మారిపోయిందే అనుకో. దాన్ని 38 నుంచి మైనస్ 18కి దించాలంటే ఏడెనిమిది కిలోజౌళ్ళు. మన బెజవాడ గాలిలో తేమ ఉంటుంది కదా, ఆ రెండు మూడు గ్రాముల ఆవిరి నీరై, మంచై గోడకు పట్టడానికి ఇంచుమించు ఇంకో ఏడు. మొత్తం పదిహేను లోపే. ముప్ఫైసార్లు మూత తీస్తే ఒక్క లీటరు గుజ్జు పెట్టినంత! పైమూత రకంలో చల్లగాలి బరువుగా కిందే కూర్చుంటుంది కాబట్టి అంత కూడా పోదు. అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పి ఈ మాట మెల్లగా చెప్పు.

లక్ష్మి_సత్యనారాయణపురం · 10:55

మెల్లగా చెప్పాను మాస్టారూ. "ఆయన్ను వచ్చి కరెంటు బిల్లు కట్టమను" అంది.

మిర్చియార్డ్_వాసు · 11:40

నేను గుంటూరులో కోల్డ్ స్టోరేజీలో పని చేస్తాను. అక్కా, మీరు చేసిన పని మా దగ్గర చేస్తే మా మేనేజరు గేటు బయటే నిలబెడతాడు.

సీజన్‌లో మిర్చి యార్డు నుంచి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లారీల్లో వస్తాయి. ఎండలో ఉన్న మిర్చి, చేయి పెడితే కాలుతుంది. చాంబర్ ఖాళీగా ఉంది కదా అని ఒక్కరోజులో నింపెయ్యరు. రోజుకు ఇంత అని కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. వరసకూ వరసకూ మధ్య, గోడకూ టిక్కీలకూ మధ్య గాలి ఆడేలా సందు వదులుతారు. ఆ సందు దండగ జాగా అని రైతులు అనుకుంటారు గానీ, చల్లగాలి వెళ్ళే దారి అదే.

మా దగ్గర మైనస్‌లేమీ ఉండవు, నాలుగు నుంచి ఏడెనిమిది డిగ్రీల మధ్య నడుస్తుంది. ఎండుమిర్చిలో తేమ పది శాతం చిల్లరే కాబట్టి మీ గుజ్జులాగా గడ్డ కట్టే బాధ లేదు. రంగు పోకుండా, పురుగు పట్టకుండా ఉంటే చాలు. మా అసలు భయం బయటికి తీసేటప్పుడు. ఐదు డిగ్రీల టిక్కీని మే నెల గాలిలోకి తెస్తే చెమట పట్టేస్తుంది, తడిసిన మిర్చికి బూజు. అందుకే తీసిన సరుకును ఆరబెట్టకుండా కుట్టరు.

సింగ్‌నగర్_కిరణ్ · మధ్యాహ్నం 12:20

మాస్టారు చెప్పిన "సరుకు కదలదు" అనే మాట నేను కళ్ళారా చూశాను.

2024 సెప్టెంబరు 1 ఆదివారం, బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చింది. మేము రెండో అంతస్తు. కరెంటు పోయింది, సెల్ టవర్లు పోయాయి. నాన్నది చికెన్ పకోడీ బండి, ఆదివారం గిరాకీకని ఫ్రీజర్‌లో ఇరవై కిలోల పైన చికెన్ ఉంది. మిగతా జాగాలో నీళ్ళ సీసాలు. నాన్న ఫ్రీజర్‌కు ప్లాస్టర్ అతికించి, పైన రెండు బొంతలు కప్పి, "దీన్ని ముట్టుకున్నవాడి చెయ్యి విరుగుద్ది" అన్నాడు.

మంగళవారం పొద్దున తీశాం. పైన, అంచుల్లో ఉన్న పొట్లాలు నొక్కితే మెత్తగా ఉన్నాయి గానీ లోపల ఐసు ఇంకా కరకరలాడుతోంది. మధ్యలోవి రాళ్ళే. ఆ రోజు అపార్ట్‌మెంట్ మొత్తానికి గ్యాస్ స్టవ్ మీద చికెన్ వండాం. కింద పడవల్లో, పైన డ్రోన్లలో పులిహోర పొట్లాలు వస్తుంటే, మా మెట్ల మీద చికెన్ కూర వాసన. తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

పక్క ఫ్లాట్ ఆంటీ వాళ్ళ ఫ్రీజర్‌లో రెండే పొట్లాలు ఉన్నాయి. సోమవారం మధ్యాహ్నానికే వాసన వచ్చి పారేశారు. కంపెనీ ఒకటే, సైజు ఒకటే.

మాస్టారు_బ్రాడీపేట · 12:41

కిరణ్, మీ నాన్నగారికి ఫిజిక్స్ డిగ్రీ ఇవ్వాలి. నిండా గడ్డ కట్టిన సరుకున్న ఫ్రీజర్ మూత తీయకపోతే సుమారు 48 గంటలు, సగమే ఉంటే 24 గంటలు కాపాడుతుందని లెక్క చెబుతారు. మన ఎండాకాలంలో అంత ఉండదు గానీ, మీకు వాన రోజులు కలిసొచ్చాయి. పొద్దున లక్ష్మిని ముంచిన గుప్తోష్ణమే అక్కడ మిమ్మల్ని కాపాడింది. గడ్డ కట్టేటప్పుడు కిలోకు 334 తీసుకున్నాం కదా, కరగాలంటే ఆ 334 మళ్ళీ లోపలికి రావాలి. బొంత అడ్డుంటే అది రావడానికి రోజులు పడుతుంది.

లోపల ఐసు కరకరలాడుతుంటే, లేదా నాలుగు డిగ్రీలు దాటకపోతే మళ్ళీ గడ్డ కట్టించుకోవచ్చు, వండుకోవచ్చు. మొత్తం మెత్తబడి గంటలు గడిస్తే మాత్రం వాసన రాకపోయినా వద్దు. చలికి సూక్ష్మజీవులు చావవు, నిద్రపోతాయి. అంతే.

ఏఎన్ఎం_సిస్టర్ · మధ్యాహ్నం 2:15

నాది గుంటూరు పక్కన పీహెచ్‌సీ. ఇంతసేపూ అందరూ చల్లబడటం లేదని బాధపడుతున్నారు, మా బాధ దానికి తలకిందులు.

టీకాలు తీసుకెళ్ళే క్యారియర్‌లో నాలుగు ఐస్ ప్యాక్‌లు పెడతాం. డీప్ ఫ్రీజర్ నుంచి తీసిన ప్యాక్ మైనస్ 20 దగ్గర ఉంటుంది. దాన్ని అలాగే పెట్టేస్తే పెంటావాలెంట్, హెపటైటిస్ బి లాంటివి గడ్డ కట్టి పనికిరాకుండా పోతాయి. అవి రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యే ఉండాలి. అందుకే ప్యాక్‌లను బల్ల మీద పెట్టి, మధ్యమధ్య చెవి దగ్గర ఊపి చూస్తాం. లోపల నీళ్ళు గుడగుడమంటే అప్పుడు క్యారియర్‌లో పెడతాం. కొత్తగా వచ్చిన అమ్మాయిలు "మేడం, ఐసు కరిగించి పెట్టడమేంటి, దండగ కదా" అని అడుగుతారు. మాస్టారి పోస్టు చదివాక వాళ్ళకు చెప్పడం సులువైంది. నీళ్ళూ ఐసూ కలిసి ఉన్నంతసేపు ఆ ప్యాక్ సున్నా దగ్గరే ఆగిపోతుంది, ఇంకా కిందికి పోదు.

ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్ళకు ఒక మాట. ఫ్రీజర్ గదిలో, లేదా మామూలు ఫ్రిజ్‌లో వెనక గోడకు ఆనించి పెట్టకండి. గడ్డ కట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపించవచ్చు, కానీ వాడకూడదు.

బందరురోడ్డు_బుల్లోడు · 3:02

మాస్టారూ, వేడినీళ్ళు చన్నీళ్ళ కంటే తొందరగా గడ్డ కడతాయని వీడియోలో చూశా. అయితే అక్క గుజ్జును మరగబెట్టి పెడితే?

మాస్టారు_బ్రాడీపేట · 3:20

వస్తుందనుకున్నాను ఈ ప్రశ్న! టాంజానియాలో ఎంపెంబా అనే స్కూలు కుర్రాడు 1963లో ఐస్‌క్రీమ్ చేస్తూ ఈ మాట అన్నాడు. 1969లో ఆస్బర్న్ అనే ప్రొఫెసరుతో కలిసి పత్రం కూడా వేశాడు. అప్పటి నుంచి కొట్లాటే. 2016లో బరిడ్జ్, లిండెన్ అనే ఇద్దరు జాగ్రత్తగా కొలిచి, మాకైతే అలాంటిదేమీ కనిపించలేదన్నారు. థర్మామీటరును ఒక సెంటీమీటరు పైకి కిందికి జరిపితేనే ఫలితం తారుమారైందట. లక్ష్మి మాత్రం ఆ ప్రయోగం చెయ్యకూడదు, ఇంకో ఆరు డబ్బాలు పోతాయి.

గవర్నర్‌పేట_మెకానిక్ · 4:45

కస్టమర్లందరూ చేసే ఇంకో పని. సరుకు పెట్టగానే థర్మోస్టాట్‌ను చివరిదాకా తిప్పేస్తారు, తొందరగా గడ్డ కడుతుందని. మామూలు కంప్రెసర్‌కు వేగం ఒక్కటే. ఆ గుండీ చెప్పేది ఎప్పుడు ఆగాలో మాత్రమే, ఎంత గట్టిగా తిరగాలో కాదు. ఎలాగూ ఆగకుండా తిరుగుతున్నప్పుడు గుండీ ఎక్కడుంటే ఏం?

మాస్టారు_బ్రాడీపేట · 5:05

మెకానిక్ గారూ, సగమే ఒప్పుకుంటాను. సరుకు పెట్టాక తిప్పితే దండగే. నాలుగైదు గంటల ముందే తిప్పితే ఉన్న సరుకు మైనస్ 18 బదులు మైనస్ 24కు దిగి కూర్చుంటుంది. ఆ ఆరు డిగ్రీలు ఐస్‌క్రీమ్‌కు ప్రాణం పోస్తాయి.

గవర్నర్‌పేట_మెకానిక్ · 5:11

అది కరెక్టే సార్. కానీ ముందే తిప్పేవాడు ఎవడు?

ఎండల సంగతి కూడా చెప్పాలి. బయట 25 ఉంటే లోపలికీ బయటికీ తేడా 43. బయట 42 ఉంటే 60. కారే వేడి ఒకటిన్నర రెట్లు దగ్గరకు పోయింది కదా. పైగా లోపలి వేడిని పారబొయ్యాల్సింది ఆ 42 డిగ్రీల గాలిలోకే. వెనక స్టిక్కర్ మీద క్లైమేట్ క్లాస్ టి అని ఉంటే 43 దాకా పనిచేసేలా తయారైందని అర్థం. రోహిణి కార్తెలో వంటింట్లో, గోడకు ఆనించి, పక్కన స్టవ్ పెట్టి, పైన పాత పేపర్లు పేర్చితే ఏ టి అయినా చేతులెత్తేస్తుంది. అరచెయ్యి వెడల్పు జాగా వదలండి అన్ని పక్కలా.

మిర్చియార్డ్_వాసు · 6:30

మా మామయ్య ఐస్ ఫ్యాక్టరీలో చేసేవాడు. అక్కడ దిమ్మలు గాలిలో పెట్టరు. నీళ్ళు పోసిన డబ్బాలను ఉప్పునీటి తొట్టిలో ముంచుతారు. ఆ తొట్టి మైనస్ పది దగ్గరే ఉంటుంది, మీ ఫ్రీజర్ అంత చల్లన కూడా కాదు. అయినా గాలిలో కంటే తొందరగా గడ్డ కట్టేది. ఎందుకో అప్పుడు అడగలేదు.

మాస్టారు_బ్రాడీపేట · 6:52

కార్తీకమాసంలో తెల్లవారుజామున గట్టు మీద నిలబడితే కాస్త చలి, అంతే. కృష్ణలో మూడు మునకలు వేస్తే పళ్ళు టకటక కొట్టుకుంటాయి. నీళ్ళు గాలికంటే చల్లన కాకపోయినా సరే. కదలని గాలి వేడిని చాలా మెల్లగా లాగుతుంది, నీళ్ళు గబగబా లాగేస్తాయి. ఎంత చల్లన అన్నదొక్కటే కాదు, ఆ చల్లనిది ఒంటికి ఎంతగా అంటుకుంది అన్నదీ లెక్కే.

అందుకే లక్ష్మీ, డబ్బాలు మానెయ్. గుజ్జును జిప్ కవర్లలో పోసి, పలకలా పల్చగా పరిచి, లోపలి గోడకు ఆనించు. లీటరు డబ్బా నడిమధ్య నుంచి వేడి బయటికి రావాలంటే ఐదు సెంటీమీటర్లు నడవాలి, పలకలో ఒకటిన్నర. మందం రెట్టింపైతే సమయం రెట్టింపు కంటే బాగా ఎక్కువ పడుతుంది. ముందు రోజంతా కింద ఫ్రిజ్‌లో పెట్టి చల్లార్చు, ముప్ఫై డిగ్రీల భారం అక్కడే దిగిపోతుంది.

లక్ష్మి_సత్యనారాయణపురం · 7:15

పుస్తకం వెతికి చూశాను. ఫ్రీజింగ్ కెపాసిటీ 24 గంటలకు 9 కిలోలు అని రాసుంది. కొన్నప్పుడు ఎవరూ చెప్పలేదు, నేనూ చదవలేదు. రేపు వైరు ఉండే థర్మామీటర్లు రెండు కొని కొలుస్తాను.

లక్ష్మి_సత్యనారాయణపురం · మే 27, ఉదయం 8:20

కొలిచాను! ఒక వైరు గాలిలో వేలాడదీశాను, ఇంకొకటి రెండు గుజ్జు పలకల మధ్య ఇరికించాను. నాలుగు కిలోలే పెట్టాను, ఫ్రిజ్‌లో చల్లార్చినవి. మా అబ్బాయి ఎలాగూ ఎంసెట్ అని చెప్పి ఫోన్ చూస్తూ మేలుకునే ఉంటాడు కాబట్టి రాసే పని వాడికిచ్చాను.

రాత్రి 8కి గాలి మైనస్ 21, గుజ్జు 8. తొమ్మిదింటికి గాలి మైనస్ 15కి వచ్చింది, గుజ్జు 1. పదింటికి గుజ్జు మైనస్ 2. పదకొండుకు మైనస్ 2. పన్నెండుకూ మైనస్ 2 చిల్లర! గాలి మాత్రం అప్పటికే మళ్ళీ మైనస్ 18. వాడు థర్మామీటర్ చెడిపోయిందని నన్ను లేపాడు. చెడిపోలేదురా, గుప్తోష్ణం అంటే ఇదే, పోయి చదువుకో అన్నాను. రెండున్నరకు కదిలింది, పొద్దున ఆరుకు మైనస్ 15.

ఒక్క డబ్బా కూడా పెట్టాను పోలిక కోసం. అది ఇప్పటికీ నడిమధ్య మెత్తగానే ఉంది.

మాస్టారు_బ్రాడీపేట · 8:31

గాలి మైనస్ 18 చెబుతుంటే సరుకు మైనస్ 2 దగ్గర కూర్చున్న ఆ రెండు మూడు గంటలే నీ మొదటి ప్రశ్నకు జవాబు. ఆ కాగితం పారెయ్యకమ్మా, నాకు ఫోటో పెట్టు.

బందరురోడ్డు_బుల్లోడు · 8:40

ఇంకొక్కటి. మా అమ్మ చికెన్ ఐదారు గంటల్లో గడ్డ కడుతుంది, కరగడానికి మాత్రం పూట పడుతుంది. పెట్టింది ఆవిడే, తిట్లు తినేది నేను. ఎందుకు?

మాస్టారు_బ్రాడీపేట · 8:58

మంచి ప్రశ్న అడిగావు మొత్తానికి. ఐసు వేడిని నీటికంటే దాదాపు నాలుగు రెట్లు బాగా మోస్తుంది. గడ్డ కట్టేటప్పుడు బయట పొర ఐసవుతుంది, లోపలి వేడి దాని గుండా సులువుగా బయటికి పోతుంది. కరిగేటప్పుడు బయట పొర నీరవుతుంది, ఆ నీరే అడ్డుగోడ. కవర్ గట్టిగా కట్టి కుళాయి నీళ్ళలో పడేసి, అరగంటకోసారి నీళ్ళు మార్చు. లేకపోతే ముందు రాత్రే కింద ఫ్రిజ్‌లోకి దించు. బయట ఎండలో మాత్రం పెట్టకు.

లక్ష్మి_సత్యనారాయణపురం · 9:10

జావ అయిన ఆరు డబ్బాలు మళ్ళీ గట్టిపడ్డాయి. కానీ నాలుక మీద పెడితే ఇసక తిన్నట్టుంది.

గవర్నర్‌పేట_మెకానిక్ · 9:22

మెల్లగా గడ్డ కట్టింది కదమ్మా, పెద్ద పెద్ద ఐసు పలుకులు పడతాయి. ఇక ఎన్నిసార్లు పెట్టినా పోదు. అమ్మకండి, పేరు పోతుంది.

ఏఎన్ఎం_సిస్టర్ · 9:30

పాలతో చేసింది కాబట్టి ఎంతసేపు మెత్తగా ఉందో తెలియనప్పుడు పిల్లలకు పెట్టకండి అక్కా.

లక్ష్మి_సత్యనారాయణపురం · 9:41

సరే, పారబోస్తున్నాను. అత్తయ్య చూడకుండా. ఎల్లుండి ఇంకో రెండు బుట్టలు వస్తున్నాయి, జిప్ కవర్లు వంద తెచ్చి పెట్టుకున్నాను. గుండీ రేపు సాయంత్రమే తిప్పుతాను మెకానిక్ అన్నా, తిప్పేవాడు ఎవడు అన్నారుగా.